నూట డెబ్భై ముగ్గురు ప్రతివాదులు

2011 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున కొండల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లాయరు దగ్గరకు వెళ్ళి అప్పులవాళ్ళ జాబితా ఇచ్చేయాలి. పదకొండింటికల్లా తిరిగొచ్చి రావిర్యాలలో ఒక తొట్టెల ఫంక్షనుకు టెంటు వేయాలి. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు పడుకోవాలి. ఐపీ పెట్టబోయే మనిషికి ఇంత తీరిక దొరకదని అతనికి తెలియదు.

చేతులెత్తేసిన మనిషి కోర్టుకు వెళ్ళి, "నా దగ్గరున్నది ఇంతే, ఇగ మీరే పంచుండ్రి" అని దివాలా అర్జీ పెట్టుకోవడాన్నే అందరూ ఐపీ అంటారు. శంషాబాద్ బస్టాండు వెనక సందులో కొండల్ టెంట్ హౌస్ ఉంది. విమానాశ్రయం వచ్చిన కొత్తలో చుట్టుపక్కల ఊళ్ళలో భూములమ్మిన డబ్బు ఆడుతుండేది, ఫంక్షన్లు కూడా అలాగే జరిగేవి. కొండల్ అప్పు చేసి, పాత సామానును వెయ్యి కుర్చీలు, ఐదు షామియానాల దాకా పెంచి, ఇంకొన్ని వంట గంజులు, సామాను మోయడానికి ఒక డీసీఎం బండి కొన్నాడు. తర్వాత హైవే పొడవునా ఏసీ ఫంక్షన్ హాళ్ళు లేచాయి. కొండల్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోదాములోనే కూర్చున్నాయి. వడ్డీ మాత్రం కూర్చోలేదు.

అప్పులిచ్చినవాళ్ళు నలుగురు. మొత్తం బాకీలో సగం, అంటే మూడు లక్షల ఇరవై వేలు, కొత్తూరు చెన్నయ్యదే. మిగతా ముగ్గురూ కిస్తులకు ఒప్పుకునేలా ఉన్నారు. చెన్నయ్య ఒప్పుకోడు. సామాను వేలానికి వస్తే చవకగా పాడుకుని అల్లుడి చేత టెంట్ హౌస్ పెట్టించాలని అతని ఆలోచన. సామాను పోతే కొండల్‌కు చేతిలో పని లేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో అతనికి తెలిసిన విద్య గుంజ పాతడం, తాడు బిగించడం, అంతే.

లాయరు నవీన్‌కుమార్ గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. వారం కింద అతను కొండల్‌ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. "మీకు డబ్బు ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ రాయండి. యాభై రూపాయలిచ్చినవాడైనా సరే. ఒక్క పేరు వదిలేసినా, దాచిపెట్టారని కోర్టు అనుకుంటుందండీ. తర్వాత ఇబ్బంది."

ఆ సోమవారం పొద్దున కొండల్ తెల్లకాగితం ముందు పెట్టుకుని నాలుగు పేర్లు రాశాడు. కాగితం ఇంకా చాలా ఖాళీగా కనిపించింది. యాభై రూపాయల మాట గుర్తొచ్చింది.

"స్వరాజ్యం, మన రేఖ లగ్గంల సదివింపులు రాసిన బుక్కు ఏడుంది?"

అతని భార్య స్వరాజ్యం పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. "గదెందుకు?"

"పైసలిచ్చినోల్ల పేర్లన్ని రాయమన్నడు గద సారు."

"ఏమయ్యా, సదివింపులు అప్పులెట్లయితయి?"

"మల్ల ఇయ్యాలెనా, వద్దా?"

స్వరాజ్యం ఆలోచించింది. ఇవ్వాల్సిందే. మన ఇంటి లగ్గంలో ఎవరు ఎంత రాయించారో చూసుకుని, వాళ్ళ ఇంటి లగ్గంలో దానికి తగ్గకుండా రాయించడం పుట్టినప్పటి నుంచి చూస్తున్న మర్యాద. తప్పితే నాలుగూళ్ళలో తల ఎత్తుకోలేరు. అట్లా చూస్తే బ్యాంకు అప్పుకన్నా ఇదే గట్టి అప్పు. ఆమె బీరువా మీది నుంచి నోటుబుక్కు దించి ఇచ్చింది. కూతురి పెళ్ళిలో చదివింపులు రాయించిన నూట అరవై ఎనిమిది పేర్లు అందులో ఉన్నాయి. రావిర్యాల యాదయ్య, యాభై ఒకటి. కొండమ్మ, నూట పదహార్లు. కొండల్ అందరినీ వరసగా ఎక్కించాడు. స్టీలు గిన్నెలు ఇచ్చినవాళ్ళను మాత్రం, చాలా ఆలోచించి, వదిలేశాడు.

లాయరు ఆఫీసులో నవీన్‌కుమార్ ఫోనులో ఇంకో కేసు మాట్లాడుతున్నాడు. టైపు చేసే మనిషికి పేజీ లెక్కన డబ్బులు, అందుకని అతను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అర్జీ సిద్ధమైంది. అప్పులిచ్చినవాళ్ళందరూ అందులో ప్రతివాదులు, ఒకటి నుంచి నూట డెబ్భై రెండు దాకా. నవీన్‌కుమార్ ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని సంతకం పెట్టాడు.

ఒక్కొక్క ప్రతివాదికి నోటీసు పంపడానికి ముప్పై రూపాయలవుతుందని అప్పుడు తెలిసింది. మొత్తం ఐదు వేల నూట అరవై. కొండల్ జేబులో రెండు వందలున్నాయి. అతను నేరుగా ఇనాయత్ దగ్గరకు వెళ్ళాడు. ఇనాయత్ ఫంక్షన్లకు వంట చేస్తాడు. పదిహేనేళ్ళుగా కొండల్ గంజుల్లో అతని బిర్యానీ ఉడుకుతోంది.

"అరే భాయ్, పైసలు లెవ్వని కోర్టుకు చెప్పుకునేందుకు పైసలు అప్పు జేస్తున్నవా?" ఇనాయత్ నవ్వుతూనే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

సాయంత్రం కొండల్ ఫోను చేసి, ఇప్పుడు ఇనాయత్ కూడా డబ్బిచ్చినవాడే గదా అని లాయరును అడిగాడు. "అవునండీ, ఆయన పేరూ చేర్చాలి మరి," అన్నాడు నవీన్‌కుమార్, జాబితాలో ఎవరెవరున్నారో ఇంకా చూడకుండానే. చేర్చారు. నూట డెబ్భై మూడో ప్రతివాదికి నోటీసు పంపడానికి ఇంకో ముప్పై రూపాయలు కావాల్సి వచ్చింది. అవి కూడా ఇనాయత్ దగ్గరే తీసుకున్నాడు. ఆ విధంగా, తనకు రావలసిన డబ్బు గురించి తనకే కబురు పంపించుకోవడానికి ఇనాయత్ సొంత ఖర్చు పెట్టుకున్నాడు. రావిర్యాల తొట్టెల ఫంక్షనుకు ఆ రోజు టెంటు మధ్యాహ్నం రెండింటికి లేచింది. అప్పటికి పసిబిడ్డ ఎండలోనే పేరు పెట్టించుకుంది.

మూడు వారాల తర్వాత పోస్టుమన్‌లు బయలుదేరారు.

కోర్టు ముద్ర ఉన్న కవరు రిజిస్టరు పోస్టులో ఇంటికి వస్తే, అందులో శుభవార్త ఉంటుందని ఏ ఊళ్ళోనూ అనుకోరు. రావిర్యాల యాదయ్య కొండల్‌కు కాక వరస, తండ్రికి చిన్న తమ్ముడు. పోస్టుమన్ కవరు విప్పి "నువ్వు ముప్పై ఏడో ప్రతివాదివంట" అనగానే, యాదయ్య ముందు బర్రెను మేత దగ్గర కట్టేసి, తర్వాత తానే అరుగు మీద కూలబడ్డాడు. కొండమ్మ, కొండల్‌కు మేనత్త, పోలీసులు వస్తారని కాటేదాన్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళి రెండు రోజులు బయటికి రాలేదు. ఒక బంధువు మూడు వందలిచ్చి లాయరును పెట్టుకున్నాడు. అతను రాయించిన చదివింపు యాభై ఒకటి.

మూడో రోజు పొద్దునే యాదయ్య కొండల్ ఇంటి ముందు నిలబడ్డాడు. వెనక ఇంకో ఇరవై మంది.

"ఏరా కొండల్, కోర్టుల నా మీద కేసేస్తివా? నీకు నేనేం అన్యాలం జేసిన? నీ బిడ్డ లగ్గంల బువ్వ దిని యాభై ఒకటి రాపిచ్చుడే తప్పయిందా?"

"కేసు గాదు కాక. నేనే నీకు బాకీ ఉన్ననని రాపిచ్చిన."

యాదయ్య కళ్ళు చిన్నవి చేశాడు. "అంటే, నువ్వు నాకియ్యాలెనా?"

"అవ్ కాక."

"నేను నీకియ్యాలెననా రాసిన్రు?"

"గాదు కాక. నేనే."

ఇరవై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే వాళ్ళ ముఖాల్లో ఇంకో ఆలోచన మొదలైంది.

"గట్లయితే," అన్నాడు యాదయ్య, గొంతు సవరించుకుని, "నాలుగేండ్లయింది గద. మిత్తి?"

వడ్డీ మాటతో వాకిలి మారిపోయింది. ఒకాయన తాను రాయించింది నూట ఒకటి అయితే పుస్తకంలో యాభై ఒకటే పడిందన్నాడు. కొండమ్మ కాటేదాన్ నుంచి అప్పుడే దిగి, ఆటోలోంచే అరవడం మొదలుపెట్టింది. "నేనిచ్చిన స్టీలు బకీటు ఏది? బకీటు పేరే రాయలే! నేను పేదదాన్నని నా బకీటు కోర్టుకెక్కదా?"

"రాస్త అత్త, బకీటు గూడ రాస్త," అన్నాడు కొండల్ చేతులు జోడించి.

యాదయ్య ఎంతకూ కదలకపోయేసరికి, పరువు పోతోందని కొండల్ లోపలికి వెళ్ళి నూట పదహార్లు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం లాయరుకు ఈ సంగతి చెప్పాడు, మెచ్చుకుంటాడని. ఫోనులో లాయరు ఉలిక్కిపడ్డాడు.

"ఏమండీ, అర్జీ పెట్టాక ఒక్కరికి మాత్రం విడిగా డబ్బులివ్వడం ఎంత తప్పో తెలుసా? మిగతావాళ్ళు ఒప్పుకుంటారా? ఆ డబ్బు వెంటనే వెనక్కి తీసుకోండి. అవునూ, ఎవరీ యాదయ్య? మనకున్నది ఆ నలుగురూ, ఇనాయత్ గారే కదా?"

అప్పుడు నవీన్‌కుమార్ మొదటిసారి జాబితా తెరిచాడు. తర్వాత అతని గొంతు మారింది. "కొండల్ గారూ," అన్నాడు మెల్లగా, "ఈ నూట అరవై ఎనిమిది మందీ పెళ్ళికి వచ్చినవాళ్ళాండీ?"

"అవ్ సారు. ఇంక కొంతమంది రాలే. ఆల్లను రాయలే."

ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవడానికి కొండల్ రావిర్యాలకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. యాదయ్య అప్పటికే ఆ డబ్బుతో కోర్టుకు వెళ్ళడానికి కొత్త కండువా కొనేశాడు. చివరికి కండువాను కొండల్‌కే ఇచ్చేస్తానన్నాడు. లాయరు కండువా వద్దన్నాడు.

ఏప్రిల్‌లో కేసు విచారణకు వచ్చింది. ఆ రోజు కోర్టు ఆవరణలోకి రెండు ట్రాక్టర్లు, ఒక డీసీఎం, లెక్కలేనన్ని ఆటోలు వచ్చాయి. డీసీఎం కొండల్‌దే. రావడానికి బండి లేదని బంధువులు పొద్దునే ఫోను చేస్తే, పాపం అని తనే పంపించాడు. సద్దులు కట్టుకుని వచ్చినవాళ్ళున్నారు, పిల్లలను ఎత్తుకుని వచ్చినవాళ్ళున్నారు. కాపలా పోలీసు ఏదో ధర్నా అనుకుని గేటు మూయబోయాడు.

జడ్జి ఒక పెద్దావిడ. జాబితా వైపు చూసింది, గది నిండిన మనుషుల వైపు చూసింది, తలుపు బయట నిండిన మనుషుల వైపు చూసింది. తర్వాత నవీన్‌కుమార్ వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ముప్పై ఏడో ప్రతివాది ఎవరు?"

యాదయ్య కొత్త కండువా సర్దుకుని ముందుకు వచ్చాడు. "నేనే మేడం. యాభై ఒకటి. మిత్తి అలగ్."

"ఈ యాభై ఒక్క రూపాయలు కొండల్ మీ దగ్గర అప్పుగా తీసుకున్నాడా?"

"అప్పెందుకైతది మేడం? లగ్గంల రాపిచ్చిన."

"మరి వడ్డీ ఎందుకు అడుగుతున్నారు?"

"మీరే గద మేడం కాయితం పంపిస్తిరి. సర్కారు కాయితంల అప్పని ఉన్నంక, నేను గాదంటే మంచిగుంటదా?"

జడ్జి పెన్ను కింద పెట్టింది. "ఆ డబ్బు తిరిగి మీకు ఎప్పుడు రావాలి?"

"మా ఇంట్ల ఫంక్షనయితే రాపియ్యాలె."

"మీ ఇంట్లో ఫంక్షన్ అయిందా?"

"రెండయినయి మేడం. కొడుకు లగ్గం, మనుమరాలి తొట్టెల."

"అప్పుడు కొండల్ ఇచ్చాడా?"

యాదయ్య పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. అది తిరుగుతోందా లేదా అన్నది చాలా ముఖ్యమైనట్టు చూశాడు.

"ఇచ్చిండు మేడం," అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. స్వరాజ్యం. ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, చీర కొంగులో చుట్టిన ఒక పొడుగాటి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. ఈ పుస్తకం సంగతి కొండల్‌కే తెలియదు. టెంట్ హౌస్ పెట్టిన నాటి నుంచి, ఎవరి ఇంటికి ఏ సామాను వెళ్ళింది, ఎంత కిరాయి వచ్చింది అని ఆమె రాసి పెట్టుకున్న లెక్క అది.

జడ్జి ఒక పేజీ తెరిచి పైకి చదివింది. "రావిర్యాల యాదయ్య కొడుకు పెళ్ళి. షామియానాలు రెండు, కుర్చీలు మూడు వందలు, గంజులు ఆరు. కిరాయి రెండు వేల నాలుగు వందలు. వచ్చింది సున్న. పక్కన ఏమిటిది, 'సదివింపు' అని ఉంది?"

"గదే మేడం," అంది స్వరాజ్యం. "సుట్టాల ఇంట్ల ఏ ఫంక్షనున్నా ఈయన టెంటేస్తడు. కిరాయి ఇయ్యబోతే, 'వద్దులే, నా సదివింపు కింద రాస్కో' అంటడు. ఆల్లు గూడ మల్ల అడగరు."

జడ్జి పేజీలు తిప్పుతూ పైకి చదివింది. కొండమ్మ కూతురి పెళ్ళి, పద్దెనిమిది వందలు, సదివింపు. మూడు వందల లాయరును పెట్టుకున్న బంధువు తండ్రి దినాలు, వెయ్యి, సదివింపు. ఎవరి పేరు ఎప్పుడు వస్తుందోనని అందరూ మెడలు కుదించుకుని కూర్చున్నారు.

"ఇట్లాంటివి మొత్తం ఎన్ని?"

"నూట పన్నెండు ఫంక్షన్లు మేడం. లక్షా యాభై వేల నాలుగు వందలు."

"గంతనా?" అన్నాడు కొండల్ అందరికంటే గట్టిగా.

జడ్జి పుస్తకం మూసింది. "ఈ మనిషి ఎందుకు మునిగాడో ఈ పుస్తకం చూస్తే తెలుస్తోంది. కానీ పెళ్ళిలో ఇచ్చింది కానుక. ఇచ్చినా కానుకే, పుచ్చుకున్నా కానుకే. ఎవరూ ఎవరికీ అప్పు కాదు. ఈ నూట అరవై ఎనిమిది పేర్లూ కొట్టేస్తున్నాను." ఐదు పేర్లు మిగిలాయి. నలుగురు అప్పులవాళ్ళు, ఇనాయత్. ఇనాయత్ లేచి నిలబడి, తన డబ్బు ఎప్పుడిచ్చినా పర్వాలేదని జడ్జికి సలాం చేసి కూర్చున్నాడు.

చెన్నయ్య మాత్రం ముందు వరసలో నవ్వుతున్నాడు. "మేడం, నేను ఖరాబు మనిషిని గాదు. మొత్తం బాకీల నాలుగో వంతు ఇప్పుడు కోర్టుల కడితే, మిగిలింది కిస్తులకు ఒప్పుకుంట. లేకుంటె సామాను వేలమెయ్యుండ్రి." ఐదు వేల కోసం వంటవాడి దగ్గరకు వెళ్ళినవాడు నాలుగో వంతు ఎక్కడ తెస్తాడని అతని ధైర్యం. జడ్జి ఆ మాటలు అట్లాగే రాయించుకుంది. నాలుగో వంతు లక్షా అరవై రెండు వేలు. వేసవి సెలవులయ్యాక, జూన్‌లో కోర్టు తెరిచేనాటికి కట్టాలి. కట్టకపోతే వేలం.

బయట, బండ్లు నిలిపే రేకుల షెడ్డు కింద బంధువులంతా గుమిగూడారు.

"ఇగ పేర్లు గొట్టేసిన్రు. తిప్పల వోయింది. పోదాం పా," అన్నాడు యాదయ్య.

"ఏడికి పోదువ్?" కొండమ్మ అతని కండువా పట్టుకుంది. "నీ కొడుకు లగ్గంల కుర్చీల లెక్క జడ్జమ్మ సదివింది. నా బిడ్డ లగ్గం గూడ సదివింది. మా వియ్యపురాలు నా పక్కన్నే ఉండె! 'వదినా, మీ టెంటుకు పైసలియ్యలేదా' అనడిగింది. నేను ఏం మొఖం వెట్టుకొని కాటేదాన్ పోవాలె?"

ఆ షెడ్డు కింద ఉన్న ప్రతివాళ్ళకూ ఒక వియ్యపురాలో, వియ్యంకుడో ఉన్నారు. కొండమ్మ చెంగు ముడి విప్పి ఐదు వందల నోటు తీసింది. యాదయ్య ఆమె చేతిని ఆపాడు.

"ఆగు. చేతికిస్తే అప్పు దీర్చినట్టుంటది. మన ఇజ్జతేం గావాలె? సదివింపంటే ఫంక్షన్ల రాపియ్యాలె. పదిమంది సూడాలె." అతను కొండల్ వైపు తిరిగాడు. "నువ్వొక ఫంక్షన్ జెయ్యిరా."

"ఏం ఫంక్షన్ కాక? బిడ్డ లగ్గమైపాయె."

"ఏదో ఒకటి జెయ్యి. ఏం ఫంక్షనని మేమేమన్న అడుగుతమా?"

నవీన్‌కుమార్ ఈ మాట విని తల పట్టుకున్నాడు. "దివాలా తీసిన మనిషి ఫంక్షన్ చేశాడంటే కోర్టు ఏమనుకుంటుందండీ?" రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు, కానీ షరతులు పెట్టాడు. కొత్తగా రూపాయి అప్పు చేయకూడదు. వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. ఒక్కరికి కూడా విడిగా ఇవ్వకుండా మొత్తం డీడీ తీసి కోర్టులో కట్టాలి. లెక్క సరిగ్గా ఉందో లేదో చూడటానికి తానే దగ్గరుండి కూర్చుంటాడు.

బియ్యం కొండమ్మ పంపింది, కూరగాయలు యాదయ్య తెచ్చాడు. ఇనాయత్ వంటకు ఒప్పుకుని, "నా కూలి సదివింపు కింద రాస్కో భాయ్" అన్నాడు.

"ఇనాయతన్నా, గా మాట మా వాకిట్ల ఇంకోసారి అనకు," అంది స్వరాజ్యం. కూలి ఎనిమిది వందలని బేరమాడి, అతని చేతిలో పెట్టి, రసీదు రాయించుకుంది.

కార్డు అచ్చువేసేవాడు ఏ శుభకార్యమని అడిగాడు. కొండల్ అబద్ధం చెప్పలేడు, నిజం చెప్తే బాగుండదు. చివరికి "మా ఇంట జరుగు శుభకార్యమునకు" అని మాత్రం వేయించారు. నూట అరవై ఎనిమిది ఇళ్ళలో ఒక్కరు కూడా ఏ శుభకార్యమని అడగలేదు.

మే నెల మూడో ఆదివారం, కొండల్ తన ఐదు షామియానాలూ తన ఇంటి ముందే వేసుకున్నాడు. అన్నీ ఒక్కచోట లేవడం అదే మొదటిసారి. వెయ్యి కుర్చీలూ గోదాము నుంచి బయటపడ్డాయి. చదివింపుల బల్ల దగ్గర స్వరాజ్యం పుస్తకంతో కూర్చుంది, పక్కన లాయరు క్యాలిక్యులేటరుతో. మైకు దగ్గర ఇనాయత్. అతని గరిటె అతని తమ్ముడు పట్టుకున్నాడు.

"రావిర్యాల యాదయ్య సాబ్, రెండు వేల నాలుగు వందల... ఠైరో, ఠైరో." నెత్తి మీదుగా విమానం దిగుతుంటే ఇనాయత్ మైకు ఆపాడు. విమానం పోయింది. "రెండు వేల ఐదు వందల పదహార్లు!"

అది విని వరసలో యాదయ్య వెనక నిలబడ్డ బంధువు జేబులోంచి తీసిన కవరును మళ్ళీ జేబులో పెట్టుకుని, పక్కకు వెళ్ళి ఇంకో నోటు చేర్చుకుని వచ్చాడు. బాకీ ఎంతో అంతే ఇస్తే బాకీ తీర్చినట్టుంటుంది. మీద కొంత వేస్తేనే చదివింపు. పైగా ఈసారి కోర్టులో పుస్తకం తెరిస్తే, తన పేరు ఇవ్వాల్సినవాళ్ళ వైపు కాకుండా రావాల్సినవాళ్ళ వైపు ఉండాలని ప్రతి ఒక్కరికీ ఉంది. కొండమ్మ రెండు వేల నూట పదహార్లు రాయించి, మైకులో రెండుసార్లు చెప్పించుకుంది. కాటేదాన్ వియ్యపురాలిని పక్కనే నిలబెట్టుకుని మరీ చెప్పించుకుంది.

మధ్యాహ్నం చెన్నయ్య వచ్చాడు. దివాలా తీసినవాడు ఐదు షామియానాల ఫంక్షన్ చేస్తున్నాడని తెలిసి, దాచిన డబ్బేదో బయటపడుతుందని చూడటానికి వచ్చాడు. బల్ల ముందు నిలబడి నోట్ల కట్టల వైపు చూస్తుంటే స్వరాజ్యం పుస్తకంలో ఒక పేజీ తిప్పింది.

"సేటు, మీ బిడ్డ లగ్గం గూడ ఉన్నది. షామియానాలు నాలుగు, కుర్చీలు ఎనిమిది వందలు, మూడు దినాలు. కిరాయి తొమ్మిది వేలు." ఆమె గొంతు పెంచలేదు. "ఆ దినం మీరు బాకీల పట్టుకుంటమన్నరు. పట్టుకోలేదు. ఈయన సదివింపని రాపిచ్చిండు."

చెన్నయ్య మెల్లగా మాట్లాడమన్నట్టు చేయి ఊపాడు. ఇనాయత్‌కు అది డబ్బు ఇస్తున్న చేయిలా కనిపించిందో, కావాలనే అట్లా చూశాడో తెలియదు. "కొత్తూరు చెన్నయ్య సేటు వచ్చిన్రు! జర జాగ ఇవ్వుండ్రి! సేటు ఎంత రాపిస్తరో అందరు జర ఖామోష్‌గ ఇనుండ్రి!"

వెయ్యి కుర్చీలు నిశ్శబ్దంగా అతని వైపు తిరిగాయి. తింటున్నవాళ్ళు కూడా ముద్ద ఆపారు. చెన్నయ్యతో అప్పు వ్యవహారం ఉన్నవాళ్ళు అక్కడ కనీసం నలభై మంది ఉన్నారు. వాళ్ళు మరీ శ్రద్ధగా చూస్తున్నారు. చెన్నయ్య బనీను జేబులో చేయి పెట్టి, చాలాసేపు అక్కడే ఉంచి, చివరికి తీశాడు.

"తొమ్మిది వేల నూట పదహార్లు!" ఇనాయత్ గొంతు హైవే దాకా వినిపించింది.

సాయంత్రం లెక్క తేలింది. లక్షా డెబ్భై తొమ్మిది వేల ఆరు వందల చిల్లర. నవీన్‌కుమార్ రెండుసార్లు కూడి, మూడోసారి చేత్తో కూడాడు. తర్వాత కాస్త మొహమాటపడి, పర్సులోంచి ఐదు వందల పదహార్లు తీసి తన పేరు కూడా రాయించాడు. "అందరూ రాయిస్తుంటే ఊరికే కూర్చోవడం బాగుండదు కదండీ," అన్నాడు.

జూన్‌లో కోర్టు తెరిచిన మొదటి వారమే డీడీ కట్టారు. చెన్నయ్య తాను ఏప్రిల్‌లో అలా అనలేదని చెప్పబోయాడు. జడ్జి అతని మాటలున్న కాగితం తీసి అతని చేతికే ఇచ్చింది. అతను చదివి, కిస్తుల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నాలుగో వంతులో అతని వాటా అతనికి వచ్చింది, అందులో అతని తొమ్మిది వేలు కూడా ఉన్నాయి. మిగతా బాకీకి మూడేళ్ళ గడువు. వేలం మాట పోయింది. కుర్చీలు కుర్చీల చోటే ఉన్నాయి.

మెట్లు దిగుతూ కొండల్ అరచేతిలోని రసీదు వైపు నమ్మలేనట్టు చూసుకున్నాడు. "స్వరాజ్యం, ఇగ నెలకు పదమూడు వేల ఐదు వందలు. మూడేండ్లు. కట్టగల్గుతమా?"

"ఫంక్షన్ సూసినోల్లు పదకొండు మంది టెంటు అడిగిన్రు. తొమ్మిది మంది సుట్టాలే," అంది ఆమె. "అందరి దగ్గర సగం ముందే దీసుకున్న."

"సుట్టాల దగ్గర అడ్వాన్సా? ఏమనుకున్నరో."

"మంచిగనే అనుకున్నరు. ఒగాయన రసీదు గూడ అడిగిండు."

కొండల్‌కు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన మొదటి నవ్వు కాబట్టి అది కొంచెం వంకరగా వచ్చింది. వెనకనుంచి నవీన్‌కుమార్ ఫైలు చంకలో పెట్టుకుని గబగబా వచ్చి వాళ్ళను కలుసుకున్నాడు.

"కొండల్ గారూ, వచ్చే నెల పదో తారీఖున మా బాబు అన్నప్రాసన. మీరిద్దరూ తప్పకుండా రావాలండీ. మేడ మీదే చేసుకుంటున్నాం."

"వస్తం సారు, ఎందుకు రాము!" అన్నాడు కొండల్. అతని నోట్లోంచి ఇంకో మాట కూడా రాబోతున్నట్టు పెదవులు కదిలాయి. స్వరాజ్యం అతని కాలు తొక్కింది.

టెంటు సంగతి లాయరు ఎత్తనేలేదు. మూడు వందల మంది వస్తారని, వానాకాలమని మాత్రం చెప్పాడు.

స్వరాజ్యం సంచిలోంచి రసీదు పుస్తకం తీసి, అడ్వాన్సు అని రాసి ఉన్న చోట పెన్ను ఆనించి, మర్యాదగా ఆయన వైపు చూసింది.